ఆఖరి పేజీ వెనక ఆవకాయ

మొన్న ఒక మాసపత్రికలో కొత్త పుస్తకాల పరిచయం చదువుతుండగా ఒక వాక్యం దగ్గర నా పెన్సిలు ఆగింది. కాలక్రమాన్ని తలకిందులు చేసిన తొలి తెలుగు నవల ఇదేనని సమీక్షకుడు రాశాడు. ఏ సంవత్సరం నుంచి లెక్కపెట్టి తొలి అన్నాడో రాయలేదు. ఎన్ని నవలలు పరిశీలించాడో కూడా రాయలేదు. పేజీ అంచున ప్రశ్నార్థకం పెట్టి పత్రిక మూసేశాను. అటువంటి నవల ఒకటి రాయగడ రైల్వే కాలనీలో నా చిన్నతనంలోనే మేమందరం చదివాము. అయితే అది ఎవరు రాసినట్టు లెక్క అన్నది వేరే సంగతి.

నేను లెక్కల తనిఖీ శాఖలో ఉద్యోగం చేసినదాన్ని. రుజువు చేతిలో లేని తేదీని కాగితం మీద పెట్టడం నాకు అలవాటు లేదు. ఈ జ్ఞాపకానికి సంబంధించిన కాగితం ఒక్కటీ నా దగ్గర లేదు కనుక ఇందులో సంవత్సరం రాయను. మనుషుల పేర్లూ రాయను. వారి అనుమతి అడుగుదామంటే ఎవరూ మిగల్లేదు. మిగిలిన భాగాన్ని కూడా పాఠకులు కొంత అనుమానంతోనే చదవాలని మనవి.

మా నాన్నగారు రాయగడ స్టేషనులో తార్‌బాబు, అంటే తంతివార్తలు పంపే గుమాస్తా. కాలనీలో సగం ఇళ్ళు తెలుగువారివి. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపుల నుంచి ఉద్యోగాల కోసం కొండ ఎక్కి వచ్చినవారివి. ఊరవతల కాగితపు మిల్లు ఉండేది. గాలి ఇటు తిరిగిన రోజున ఉడికిన వెదురు వాసన ఇంట్లోకి వచ్చి, పెట్టిన అన్నం మీద కూర్చునేది. అదే వెదురు మొలకను మా వాకిట్లోకి బుట్టలో తెచ్చి "కరడి, కరడి" అని అమ్మేవారు. అమ్మ దాన్ని సన్నగా తరిగి, రెండు రోజులు నీళ్ళలో పులియబెట్టి, ఎండుమిరపకాయలతో వండేది. వెదురు మా కొండలది. కాగితం మా ఊరిది. కాని ఆ కాగితం మీద తెలుగు అక్షరం పడాలంటే అది దిగువకు వెళ్ళి, ఎక్కడో అచ్చయి, తిరిగి పాసింజరు బండి బ్రేకువ్యానులో మా దగ్గరకు ఎక్కి రావలసిందే. ఫలానా రచయితకు సన్మానం జరగబోతోందని మేము చదివే నాటికి ఆ సన్మానపు దండలు ఎండిపోయి ఉండేవి.

అందువల్ల సాహిత్య వార్తలు మాకు పత్రికల కన్నా ముందు మనుషుల నోటి ద్వారా చేరేవి. సాయంత్రాలు మా అరుగు మీద ఆడవాళ్ళు ముడి, అంటే మరమరాలు, ఉల్లిపాయ ముక్కలతో కలిపిన పళ్ళెం చుట్టూ కూర్చునేవారు. వారిలో ముఖ్యురాలు పక్కింటి డ్రైవరుగారి భార్య. నేను ఆవిడను అత్తా అని పిలిచేదాన్ని.

"ఆ సీరియల్ రాసేది ఆడమనిషి కాదంటమ్మా," అంది ఒకనాడు అత్త.

"మరేటి?"

"మగోడే. పెళ్ళాం పేరెట్టి రాసీస్తన్నాడంట. ఆడోళ్ళ పేరుంటేనే అచ్చేస్తన్నారంట ఇప్పుడు."

"ఎవులు సెప్పినారు నీకు?" అంది అమ్మ.

"ఇజీనారం ప్లాట్‌ఫారం మీద అందరూ అనుకుంటన్నారు."

"అందరంటే ఎవులు?"

అత్త ముడి నమిలింది. అందరంటే ఎవరు అన్న ప్రశ్న నా ఉద్యోగ జీవితమంతా నేను వేస్తూనే వచ్చాను. నేర్పింది ఆ అరుగే.

కాలనీ క్లబ్బులో తెలుగు పుస్తకాల బీరువా ఒకటి ఉండేది. అట్టలు ఊడిన నవలలు, ఎవరో విరాళంగా ఇచ్చిన పురాణాలు, కర్పూరం బిళ్ళల వాసన. అమ్మకు ఆ బీరువా ప్రాణం. పెళ్ళై కొండ ఎక్కి వచ్చిన నాటి నుంచి ఆవిడకు అక్కచెల్లెళ్ళూ సినిమాలూ సంతలూ అన్నీ దానిలోనే ఉన్నాయి. క్లబ్బు కార్యదర్శి గూడ్సు ఆఫీసులో హెడ్ క్లర్కు. అందరూ పెద్దబాబుగారు అనేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. కొత్త పుస్తకాన్ని ఆయన తూకంలో తేడా వచ్చిన మూటను చూసినట్టు చూసేవారు. ఒకరోజు అమ్మ పుస్తకం తిరిగి ఇవ్వబోతే బీరువా తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆ పూట నేనూ వెంట ఉన్నాను.

"సూడమ్మా. ఇందులో ఉన్నవి సదివినోళ్ళు లేరు. కమిటీ వోళ్ళు బీరువా ఖాళీ సేసీసి కేరమ్ సామాను ఎట్టుకుందాం అంటన్నారు."

"సదివేవోళ్ళు ఉన్నారండి. సదవడానికి కొత్తవే లేవు."

"కొత్తవంటే ఏటమ్మా? పాత కతకి కొత్త అట్ట."

"అలగనకండి బాబుగారూ."

"మరి ఉన్నారని ఎలగ నమ్మేది? ఓ సభ ఎట్టండి. కొత్త పుస్తకం ఒకటి తెచ్చి దాని మీద మాటాడండి. హాలు నిండినాదా, బీరువా ఉంటాది. నిండలేదా, కేరమే."

అమ్మ సరేనంది. బయటకు వచ్చాక, మా వెంటే ఉన్న అత్త అమ్మ చెవిలో అడిగింది: "కొత్త పుస్తకం ఎక్కడిదే నీకు?"

"బొబ్బిల్లో మా అక్క లేదేటి?"

ఇక్కడ ఒక విషయం వివరించాలి. ఆ రోజుల్లో వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను కత్తిరించి, దాచి, పూర్తయ్యాక పుస్తకంగా కుట్టించుకోవడం తెలుగు ఇళ్ళలో అలవాటు. అప్పటికి ఏడాదికి పైగా ఒక వారపత్రిక రాయగడకు రావడం మానేసింది. కొనేవారు తక్కువని ఏజెంటు తెప్పించడం మానుకున్నాడు. సరిగ్గా ఆ ఏడాదే అందులో పేరున్న రచయిత్రి సీరియల్ వచ్చింది. కాలనీలో ఎవరూ దాన్ని చదవలేదు. బొబ్బిలిలో ఉన్న పెద్దమ్మ పొరుగువారి పత్రికలు అడిగి తెచ్చుకుని, చెల్లెలి కోసం ఆ పేజీలు కత్తిరించి దాచింది. పెద్దమ్మకు చదువు రాదు. శీర్షిక పక్కన ప్రతివారం ఉండే దీపం బొమ్మను ఆనవాలు పట్టి కత్తిరించేది. సీరియల్ పూర్తి కాగానే ఆ కట్ట గార్డుగారి చేతిలో మా ఇంటికి వచ్చింది.

అమ్మ దాన్ని వెంటనే చదవలేదు. తుంపులు తుంపులుగా చదివితే రుచి పోతుందని, పుస్తకమయ్యాకే మొదలుపెట్టాలని ఆవిడ పట్టుదల. అంతటితో ఆగలేదు. కత్తెర తీసుకుని ప్రతివారం మొదట ఉండే "జరిగిన కథ"ను, చివర ఉండే "సశేషం"ను శుభ్రంగా కోసేసింది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"పుస్తకంలో సశేషం ఏటే? సూసినోళ్ళు నవ్వరేటి?"

కోసిన ముక్కలతో నేను గాలిపటానికి తోక కట్టుకున్నాను.

పుస్తకాలు కుట్టే ముసలాయన ఒడియావాడు. కచేరీ దస్తరాలు, రైల్వే రిజిస్టర్లు ఆయనే కుట్టేవాడు. అందరూ ఆయనను దఫ్తరీ అనేవారు, పిల్లలం దఫ్తరీ తాత అనేవాళ్ళం. ఆ కొట్టు నిండా మైదా జిగురు వాసన. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాడు, వేళ్ళు ఎప్పుడూ నీలంగా ఉండేవి. ఆయనకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు.

"మీ అచ్చరం గోల్, మా అచ్చరం గోల్," అనేవాడు, రెండూ గుండ్రమని. "దూరం నుంచి సూస్తే అన్నదమ్ములు, అమ్మి. దగ్గరికొస్తే ఒకడి మాట ఒకడికి తెలవదు."

వారం తరువాత ఎర్ర కాలికో గుడ్డ అట్టతో పుస్తకం చేతికి వచ్చింది. మూడు వైపులా అంచు నున్నగా కోసి ఉంది. ఆ కోతలో పేజీ అడుగున ఉండే అంకెలు, పత్రిక తేదీలు అన్నీ పోయాయి.

"వరస సూసుకున్నావా తాతా?" అంది అమ్మ.

"హెలా, హెలా. అంతా సూసినాను. బొహి ఫస్ట్‌క్లాస్," అన్నాడు ఆయన. హెలా అంటే అయింది, బొహి అంటే పుస్తకం.

అమ్మ అరుగు మీద పైకి చదివితే అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. కథ ఒక తల్లిది, ఆమె కూతురిది. మొదట ఇద్దరి చిన్నతనాలూ జడపాయల్లా కలిసి వచ్చేవి. వెంటనే తల్లి చనిపోతుంది. కూతురు మంచం పక్కన కూర్చుని ఏడుస్తుంది. తరువాత కూతురి పెళ్ళి. ఆ తరువాత తల్లి పెళ్ళి. ఆఖరి పేజీలో తల్లి పురిటి మంచం మీద పసికందును పొదువుకుని, నీ మొహం ఎవరి పోలికే అని అడుగుతుంది. అక్కడ పుస్తకం ముగుస్తుంది.

"సచ్చిపోయినామె పెళ్ళికూతురయ్యిందేటే?" అంది అత్త, చాటలో చేతులు ఆపి.

"కూతురు గుర్తు సేసుకుంటన్నాది. కొత్తరకం రాత. ఇప్పుడిలగే రాస్తన్నారంట."

"రాస్తన్నారంటే ఎవులు?" అన్నాను నేను. అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

నాకు అనుమానం మరో దిక్కు నుంచి వచ్చింది. ఏ వారానికా వారం సీరియల్ భాగం ముగిసిన పేజీ వెనక పత్రికవారు మిగతా సరుకు నింపేవారు. తల్లి చనిపోయే పేజీ పుస్తకం మొదట్లో ఉంది. దాని వెనక దీపావళి చీరల ప్రకటన. ఆఖరి పేజీ వెనక, పసికందు వెనక, మామిడికాయతో పాటు పనస ముక్కలు వేసి ఆవకాయ పెట్టే విధానం. ఆవకాయ వేసవిది. దీపావళి దాని తరువాత వస్తుంది. పుస్తకం మాత్రం వెనక నుంచి ముందుకు నడుస్తోంది.

"అమ్మా, ఇది తిరగబడింది," అన్నాను.

"అది ఏ ఏడు దీపావళో, ఇది ఏ ఏడు ఆవకాయో నీకు తెలుసా? ఏటేటా రెండూ వస్తాయి. పోయి సదువుకో."

ఆ జవాబులో తప్పు లేదు. సంవత్సరం లేని తేదీ రుజువు కాదు. నేను పోయి చదువుకున్నాను, అనుమానం మాత్రం పోలేదు.

సభ రోజున హాల్లో గోధుమరవ్వ ఉప్మా, పకోడీల వాసన. అత్త ఇంటింటికీ తిరిగి పకోడీలున్నాయని చెప్పి వచ్చింది. హాలు నిండింది. పెద్దబాబుగారు గుమ్మంలో నిలబడి, వచ్చినవారు పుస్తకం కోసం వచ్చారా పకోడీల కోసం వచ్చారా అన్నట్టు ఒక్కొక్కరినీ చూశారు. ముఖ్య అతిథిగా దిగువ నుంచి ఒక కళాశాల ఉపన్యాసకుడు వచ్చారు. రచయితలందరూ తనకు తెలుసని ఆయనే చెప్పారు.

అమ్మ లేచి కథ చెప్పింది. ఆఖరి పేజీకి వచ్చేసరికి వెనక బల్ల మీద, ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ కళ్ళు తుడుచుకున్నాడు. తరువాత ఉపన్యాసకుడు అందుకున్నారు.

"ఈ నవలను నేను వారపత్రికలో వారం వారం చదివాను. మృత్యువుతో ప్రారంభించి జననంతో ముగించడం ఈ రచయిత్రి చేసిన అపూర్వ ప్రయోగం. కాలం ఇక్కడ నది కాదు, వలయం. ఈ సంగతి నేను రచయిత్రితోనే ముచ్చటించాను."

చప్పట్లు కొట్టారు. పెద్దబాబుగారి మొహం కొంచెం మెత్తబడింది. "ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నారు ఉపన్యాసకుడు. నేను లేచాను.

"ఆఖరి పేజీ వెనక ఆవకాయ ఎందుకుందండి?"

హాలంతా నవ్వింది. "అది పత్రికవారి ఇష్టం, తల్లీ," అన్నారు ఆయన.

"మొదట్లో దీపావళి ఉందండి."

"ఏదీ, ఇలగియ్యి," అని అత్త బల్ల మీది పుస్తకం అందుకుంది. ప్రకటన వేలు పెట్టి చదివింది. తన కొంగు చూసుకుంది. మళ్ళీ చదివింది.

"ఓలమ్మ! కొత్తగా తెరిచేం అని రాసినారు. ఈ కొట్టు మొన్న దీపావలికే కదా తెరిచేరు! ఈ కోక అక్కడిదే. అంటే ఈ పేజీ మొన్నటిది. మామిడింకా పూతలో ఉన్నాది, దీని తరవాత ఆవకాయెలగొచ్చిందమ్మా?"

నవ్వులు మళ్ళీ మొదలై, మధ్యలో ఆగాయి. ఒక్కొక్కరికీ అర్థమవుతోంది. దీపావళి వెళ్ళాక వేసవి ఇంకా రానే లేదు. కనుక ఆఖరి పేజీ ముందే అచ్చయింది. అందరూ ఉపన్యాసకుడి వైపు చూశారు. ఆయన గడియారం చూసుకున్నారు.

నేను అమ్మనే చూస్తున్నాను. కాదని దబాయిస్తే చెల్లిపోయేది. అతిథి ఆవిడ పక్షమే. ఒప్పుకుంటే సభ నవ్వులపాలు, బీరువా కేరమ్ బల్లల పాలు. అమ్మ పుస్తకాన్ని ఒకసారి తిరగేసి, అట్ట మూసి, లేచింది.

"పెద్దబాబుగారూ, కుట్టడంలో వరస తప్పినాదండి. నాను సెప్పిన కతా, ఆవిడ రాసిన కతా ఒకటి కాదు. ఈ సభ సెల్లదంటే బీరువా తీసీండి."

"మరి మాస్టారు వారం వారం సదివినానన్నారు కదా?" అన్నారు పెద్దబాబుగారు.

"విడివిడిగా చదివినప్పుడు కూడా నాకు ఈ క్రమమే స్ఫురించింది," అన్నారు ఉపన్యాసకుడు. ఆయన నిజంగా చదివారో లేదో ఈనాటికీ తేలలేదు. రుజువు లేనిది నేను అనను. పకోడీలు తిని సాయంత్రం పాసింజరులో వెళ్ళిపోయారు.

అంతలో వెనక బల్ల నుంచి ఫైర్‌మన్ లేచాడు. "అమ్మా, బుక్కు ఓపాలి ఇలగిస్తే ఏది ముందో నాను తేల్చీస్తాను."

"నువ్వు తేల్చీసినట్టే! ముందు మా ఇంటికియ్యండి," అంది పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య.

"కోక నాది, ఆవకాయ నాను పట్టినాను, నాకే ముందు," అంది అత్త.

పుస్తకం కోసం అంతమంది చేతులు చాపడం ఆ క్లబ్బులో అంతకు ముందు ఎవరూ చూడలేదు. పెద్దబాబుగారు కళ్ళు చికిలించారు.

"ఇదేదో ముందే అనుకుని వచ్చినట్టున్నారు మీరంతా," అన్నారు. "సరే. హాలు నిండినాదా అన్నదే నా లెక్క. నిండినాది." బీరువా తాళంచెవి అమ్మ ముందు పెట్టి, ఎక్కడో మోసపోయినవాడిలాగే ఇంటికి వెళ్ళారు.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని దఫ్తరీ కొట్టుకు వెళ్ళింది. పేజీలను వరసగా పట్టి ఉంచిన కట్ట దారం ఎక్కడ ఊడి అవి కలిసిపోయాయో తేలలేదు. మా సంచిలో అని ఆయన, ఆయన బల్ల మీద అని మేము. పేజీలు ఏ వరసన పేర్చావని అడిగితే మాత్రం గర్వంగా చెప్పాడు.

"బొమ్మ సూసి ఎట్టినాను. ముందు జడేసుకున్న గుంటలు. తర్వాత పెళ్ళి. తర్వాత ఉయ్యాల. మనిషి బతుకు అంతే కదా?"

అంతే. కాని ఆ పత్రిక చిత్రకారుడు ఆడవాళ్ళందరికీ ఒకే మొహం, ఒకే పెద్ద కళ్ళు వేసేవాడు. తల్లి జడా కూతురి జడా ఒక కుప్పలో పడ్డాయి. తల్లి పెళ్ళీ కూతురి పెళ్ళీ మరొక కుప్పలో. చావు పేజీ మీద ఏడుస్తున్న కూతురికి జడ ఉంది కనుక చావు ముందుకు వచ్చింది. అమ్మ కోపం తెచ్చుకుందామని వెళ్ళి నవ్వుతూ తిరిగి వచ్చింది.

ఆ వేసవి, ఆ వానాకాలం కాలనీ అంతా ఆ పుస్తకం వరస కోసం కొట్లాడుకుంది. ప్రతి ఇంటికీ ఒక వరస. ఫైర్‌మన్ వరసలో తల్లి చనిపోవడమే లేదు. అది కూతురి కల అని ఆయన వాదన. అత్త వరసలో ఆవకాయ, అట్లతద్ది, దీపావళి సాక్ష్యం చెప్పేవి. ఒకరి వరసను ఒకరు నమ్మేవారు కాదు. అనుమానం తీర్చుకోవడానికి బీరువాలోని మిగతా నవలలూ తీసుకువెళ్ళి, రచయితలు కథ ఎలా నడుపుతారో పోల్చి చూసేవారు. అమ్మ కొత్త పుస్తకాలు కావాలని అడిగితే కమిటీవారు ఈసారి కాదనలేకపోయారు.

మరుసటి ఏడాది వచ్చిన కొత్త పుస్తకాల కట్టలో ఆ నవలే అచ్చు పుస్తకంగా వచ్చింది. అందులో వరస సవ్యంగా ఉంది. తల్లి చిన్నతనం, పెళ్ళి, పురుడు, కూతురి చిన్నతనం, తల్లి చావు, కూతురి పెళ్ళి, శుభం. అత్త ఒక్క పూటలో చదివి తెచ్చి ఇచ్చేసింది.

"ఇదేటి, సచ్చిపోయినామెని మళ్ళీ తేలేదు? అచ్చులో ఎక్కడో పోగొట్టీసుంటారు."

"ఇదేనే సరైంది," అంది అమ్మ.

"నువ్వంటే సరిపోద్దేటి? ఎవులు సెప్పినారు?"

ఏడాది చివర పెద్దబాబుగారు బీరువా సరుకు సరిచూడటానికి వచ్చారు. రెండు పుస్తకాలూ ఒకే పేరుతో ఉండటం చూసి ఎర్ర అట్టది పక్కకు పెట్టారు.

"ఒకే కత రెండేల? ఇది తీసీమ్మా."

"ఒకటి కాదండి. రెండు పుస్తకాలు."

ఆయన నమ్మలేదు. రెండూ ఇంటికి పట్టుకుపోయారు. నాలుగు రోజుల తరువాత తిరిగి తెచ్చి, రిజిస్టరు తెరిచి, ఎర్ర అట్టదాన్ని వేరే పుస్తకంగా, కొత్త నంబరుతో ఎక్కించారు. రచయిత అన్న గడి దగ్గర కలం ఆగింది.

"ఇక్కడ ఎవులని రాయాలమ్మా? ఆవిడ రాయలేదు కదా ఇలగ."

"దఫ్తరీ పేరు రాసీండి," అంది అత్త. పేజీలు కత్తిరించి పంపిన మా పెద్దమ్మ పేరు అమ్మ చెబుతుందని నేను అనుకున్నాను. అమ్మ ఎర్ర అట్టను కొంగుతో తుడిచి బీరువాలో పెట్టింది. పెద్దబాబుగారు కలానికి మూత పెట్టి, ఆ గడి అలాగే వదిలి సంతకం చేశారు.

తరువాత నా ఉద్యోగంలో ఖాళీ గడి ఉన్న కాగితం మీద నేను ఎన్నడూ సంతకం పెట్టలేదు. ఎందరితోనో మాటపడ్డాను కూడా. అయితే ఆనాటి ఆ గడిని తనిఖీకి ఎవరైనా నా ముందు పెట్టి ఉంటే, ఏమి రాసి ఉన్నా కొట్టివేసి ఉండేదాన్ని. ఖాళీగా ఉంది కనుక, సరి చూసితిని అని రాసి ఉండేదాన్ని.